కర్ణుడి పక్షమా... అర్జునుడి పక్షమా?

'కల్కి 2898 ఏడీ'లో కురుక్షేత్రం కనిపించేది కొద్ది నిమిషాలే. కానీ ఆ కొద్ది నిమిషాలు తెలుగు ఇళ్లలో ఎప్పుడో అటకెక్కిన ఓ పాత తగువును మళ్లీ కిందికి దించాయి. ఇద్దరు విలుకాళ్లలో ఎవరు గొప్ప? అసలు గొప్ప అంటే ఏమిటి?

సూళ్లూరుపేటకు బయటి ఊళ్లవాళ్లు తలలు పైకెత్తి చూడ్డానికే వస్తారు. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్టును చూడాలన్నా, చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల్ని చూడాలన్నా ఈ ఊరే మజిలీ. 2019 ఆగస్టులో ఈ జాబితాలోకి ఇంకోటి వచ్చి చేరింది. చెన్నై-కోల్‌కతా రహదారి పక్కన 'వి ఎపిక్' థియేటర్ తెరిచారు. రామ్‌చరణ్ వచ్చి ప్రారంభించాడు. మొదటి సినిమా ప్రభాస్ 'సాహో'. తెర వెడల్పు 106 అడుగులని చెప్పారు. అప్పట్నుంచీ నెల్లూరు, తిరుపతి నుంచే కాదు, రాష్ట్రం దాటి చెన్నై నుంచి కూడా కార్లేసుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పెద్ద సినిమా అయితే పెద్ద తెర మీదే చూడాలన్న పట్టుదల మరి!

అంత పెద్ద తెర మీద 2024 జూన్ 27 తర్వాత కర్ణుడు కనిపించాడు. అర్జునుడూ కనిపించాడు. సినిమా వదిలాక జనం భైరవ గురించి, బుజ్జి అనే కారు గురించి, అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ ఎత్తు గురించి మాట్లాడుకున్నారు. ఇవన్నీ రెండు మూడు రోజుల ముచ్చట. నిలిచిపోయిన తగువు ఒకటే. నాగ్ అశ్విన్ కర్ణుడిని అంత ఎత్తున చూపించడం న్యాయమా? అర్జునుడిని తగ్గించినట్టు కాదా?

ఈ తగువు ఊరికే ఎందుకు వచ్చిందంటే, కర్ణుడిగా కనిపించింది ప్రభాస్. అర్జునుడిగా విజయ్ దేవరకొండ. ఇద్దరికీ అభిమానులున్నారు. మొదట్లో అది హీరోల తగువే. కానీ వాదన గెలవాలంటే 'మా హీరో బాగున్నాడు' అంటే సరిపోదు కదా. భారతం తెలియాలి. అలా ఎన్నడూ పురాణం పుస్తకం ముట్టని కుర్రాళ్లు ద్రోణపర్వం, కర్ణపర్వం అంటూ లెక్కలు తీయడం మొదలుపెట్టారు. ఇంట్లో తాతయ్యను అడిగారు. తాతయ్యకేమో 1977 గుర్తొచ్చింది.

ఒకే సంక్రాంతికి ఇద్దరు కర్ణులు

1977 జనవరి 14. ఒకే రోజు రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్ 'దానవీరశూర కర్ణ'. దర్శకుడు ఆయనే, కర్ణుడు ఆయనే, దుర్యోధనుడు ఆయనే, కృష్ణుడూ ఆయనే! హరికృష్ణ అర్జునుడు, బాలకృష్ణ అభిమన్యుడు. దాదాపు నాలుగు గంటల సినిమా. రెండోది కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన 'కురుక్షేత్రం'. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు. ఇక కర్ణుడు... కృష్ణంరాజు.

అవును, ప్రభాస్ పెదనాన్నే. పెదనాన్న కర్ణుడిగా వేసిన 47 ఏళ్లకు తమ్ముడి కొడుకు అదే పాత్రలో కనిపించాడు. 2022 సెప్టెంబరులో కన్నుమూసిన కృష్ణంరాజు దాన్ని చూడలేకపోయాడు.

ఆ సంక్రాంతికి పోటీలో గెలిచింది ఎన్టీఆర్ సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు రికార్డులుగా, తర్వాత క్యాసెట్లుగా పెళ్లిళ్లలో, జాతరల్లో, టీ కొట్ల దగ్గర మోగాయి. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో 'నీ కులమేది' అన్న ప్రశ్నకు కర్ణుడు తల దించుకుంటే, దుర్యోధనుడు లేచి సభను కడిగేసే ఘట్టం ఇప్పటికీ పొల్లు పోకుండా అప్పజెప్పేవాళ్లు ఊరికొకరుంటారు. గమనించాల్సింది ఒకటుంది. ఆ సినిమా చూసినవాళ్లకు కర్ణుడి మీద జాలి, దుర్యోధనుడి మీద మోజు కలిగాయి. తెలుగువాళ్ల కర్ణపక్షపాతం నాగ్ అశ్విన్‌తో పుట్టలేదన్నమాట.

సూళ్లూరుపేట సంగతి ఇంకా వేరు. ఊరు దాటి కాస్త పోతే తమిళనాడు. అటు నుంచి వచ్చిన మాటలతో పాటు సినిమాలూ వచ్చాయి. 1964లో బి.ఆర్.పంతులు తీసిన తమిళ 'కర్ణన్'లో శివాజీ గణేశన్ కర్ణుడు. కృష్ణుడు మాత్రం మన ఎన్టీఆరే. బొమ్మ, శబ్దం బాగుచేసి 2012లో ఆ సినిమాను మళ్లీ విడుదల చేస్తే చెన్నైలో కొత్త సినిమాలా ఆడింది. అరవంలో శివాజీ, తెలుగులో ఎన్టీఆర్... ఇద్దరు మహానటులు కర్ణుడి కోసం కన్నీళ్లు పెట్టించాక ఈ సరిహద్దు పల్లెల్లో అర్జునుడి తరఫున వకాల్తా పుచ్చుకోవడం అంత తేలిక కాదు.

రథం ఎన్ని అడుగులు జరిగింది?

కర్ణుడి పక్షం వాళ్లు మొదట విసిరే బాణం రథం కథ. అర్జునుడు బాణం వేస్తే కర్ణుడి రథం చాలా దూరం వెనక్కి పోయిందట. కర్ణుడు వేస్తే అర్జునుడి రథం కొద్దిగానే కదిలిందట. అయినా కృష్ణుడు కర్ణుడినే మెచ్చుకున్నాడట. అదేమిటి బావా అని అర్జునుడు ఉడుక్కుంటే, 'నీ జెండా మీద హనుమంతుడున్నాడు, పగ్గాలు పట్టుకుని నేనున్నాను, అయినా కదిలించాడంటే వాడెంతవాడో చూడు' అన్నాడట. కథ అద్భుతంగా ఉంది. చిన్నప్పుడు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. చిక్కల్లా ఒకటే, వ్యాసుడి భారతంలో ఇది కనిపించదు. హరికథలు, నాటకాలు, అమ్మమ్మల నోటి నుంచి వచ్చిన కథ ఇది.

అర్జునుడి పక్షం దీన్ని పట్టుకుంటుంది. లేనిది కాదు, ఉన్నది మాట్లాడదాం రమ్మంటుంది. వాళ్ల చిట్టా పెద్దదే. అరణ్యపర్వంలో ఘోషయాత్ర పేరుతో పాండవుల్ని ఎగతాళి చేయడానికి కౌరవులు అడవికి వెళ్లారు. గంధర్వులు తిరగబడితే కర్ణుడు యుద్ధం వదిలి తప్పుకొన్నాడు. కట్టుబడిపోయిన దుర్యోధనుడిని విడిపించింది ఎవరు? పాండవులే. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం. ఇటు అర్జునుడొక్కడు, పగ్గాలు పట్టుకున్నది పిల్లాడైన ఉత్తరుడు. అటు భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, అశ్వత్థామ, కర్ణుడు... అందరూ! ఆ రథం మీద కృష్ణుడు లేడు, కర్ణుడికి శల్యుడి పోరూ లేదు. అయినా గెలిచింది అర్జునుడే. ఇది చెప్పాక అవతలి పక్షం కాసేపు నీళ్లు నములుతుంది.

నీళ్లు మింగాక వాళ్లూ తేరుకుంటారు. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలు అడిగితే కోసి ఇచ్చాడు కదా, అడిగింది ఇంద్రుడని తెలిసీ! ఇంద్రుడెవరు? అర్జునుడి తండ్రి. బదులుగా వచ్చిన శక్తిని అర్జునుడి కోసం దాచుకుంటే, పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద వేయాల్సి వచ్చింది. పరశురాముడి శాపం ఒకటి, బ్రాహ్మణుడి శాపం మరొకటి. రథం నడిపే శల్యుడు పక్కనుండి పొడుస్తూనే ఉన్నాడు. తల్లి కుంతి వచ్చి అడిగితే మిగతా నలుగురినీ చంపనని మాటిచ్చాడు, చేతికి చిక్కిన ధర్మరాజునీ భీముడినీ నకుల సహదేవులనూ వదిలేశాడు. నాగాస్త్రం వేస్తే కృష్ణుడు రథాన్ని కిందికి అణిచాడు, కిరీటం పోయి తల దక్కింది. చివరికి చక్రం నేలలో దిగబడి, విల్లు పక్కన పెట్టినప్పుడు కొట్టారు. అన్ని సంకెళ్లు వేసి పరుగుపందెం పెడితే ఓడినవాడిని ఓడినట్టు లెక్కేస్తారా?

ఈ మాటలకు అర్జునుడి పక్షం దగ్గర ఉన్న జవాబు కృష్ణుడు చెప్పినదే. చక్రం ఎత్తుతూ కర్ణుడు ధర్మం గుర్తుచేస్తాడు, ఆగమంటాడు. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు, అభిమన్యుడిని చుట్టుముట్టినప్పుడు ఈ ధర్మం ఎటు పోయిందని కృష్ణుడు అడుగుతాడు. అభిమన్యుడి విల్లు వెనక నుంచి నరికింది కర్ణుడే. సభలో ద్రౌపది వలువలు ఊడ్చమన్న నోరు కర్ణుడిదే. దానవీరుడే, శూరుడే... కానీ ఆ సభలో? అక్కడ కర్ణుడి వకీళ్లలో నిజాయితీపరులు మౌనంగా ఉంటారు. తక్కినవాళ్లు స్వయంవరంలో 'సూతుడిని వరించను' అని ద్రౌపది అవమానించిందిగా అంటారు. అదీ చిక్కే. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 దాకా 1,259 రాతప్రతులు పోల్చి మహాభారతానికి ఒక శుద్ధ పాఠం తయారు చేసింది. ద్రౌపది అన్నట్టు చెప్పే ఆ మాట అసలు పాఠంలోకి రాలేదు, తర్వాత చేరినదిగా కిందికి పోయింది.

నెల్లూరు భారతం

ఈ వాదనలన్నీ సూళ్లూరుపేటలో జరగడంలో ఓ చిన్న చమత్కారం ఉంది. 2022 ఏప్రిల్ నాలుగున తిరుపతి జిల్లా ఏర్పడే దాకా ఈ ఊరు నెల్లూరు జిల్లాది. నెల్లూరంటే తిక్కన. నన్నయ రెండున్నర పర్వాలు రాసి ఆపాడు. అరణ్యపర్వంలో మిగిలింది తర్వాత ఎర్రన పూరించాడు. విరాటం మొదలు స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన చేతివే. అంటే కర్ణుడి చావు తెలుగులో చెప్పింది ఆయన. అశ్వత్థామ అర్ధరాత్రి చేసిన ఘాతుకం చెప్పిందీ ఆయనే. అభిమానులు ఈ మధ్య తవ్వుతున్న కథలన్నీ వాళ్ల పాత జిల్లా సరుకేనన్నమాట. ఘోషయాత్ర, కవచకుండలాల దానం మాత్రం ఎర్రన వాటా.

కృష్ణుడు రాయబారం ముగించి వెళ్తూ కర్ణుడిని రథం ఎక్కించుకుని పుట్టుక రహస్యం చెప్పే ఘట్టం ఉద్యోగపర్వంలోది. నువ్వు కుంతి పెద్ద కొడుకువి, వచ్చేయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు. పెంచిన రాధను, అధిరథుడిని ఎలా కాదనను, నన్ను నమ్మి యుద్ధానికి దిగిన దుర్యోధనుడిని ఎలా వదలను అంటాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దని కోరతాడు. తెలిస్తే ఆయన రాజ్యం తన చేతిలో పెడతాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాడు, అది మంచిది కాదని అతడికే తెలుసు! ఎవరు గెలవాలో కూడా తెలిసి, ఓడే పక్కన నిలబడ్డాడు.

అసలు తగువు ఇక్కడుంది. ఎవరి బాణం ఎంత దూరం పోయిందన్నది పైపై మాట. ఇంట్లో పదో తరగతి కుర్రాడు కర్ణుడి కోసం గొంతు చించుకుంటుంటే తల్లిదండ్రులు కాస్త ఉలిక్కిపడేది ఈ చోటే. స్నేహితుడు తప్పు చేస్తున్నాడని తెలిసీ వాడి పక్కన నిలబడటం గొప్పా? అన్నం పెట్టినవాడి చేతిని వదలకపోవడం గొప్పా, వాడిని ఆపడం గొప్పా? కుర్రాడి వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. ప్రతిభ ఉండి కూడా పుట్టుక అడిగి వెనక్కి పంపిన మనిషిని, నువ్వు నావాడివని ఒక్కడే పిలిచాడు. ఆ ఒక్కడు దుర్యోధనుడు కావడం కర్ణుడి తప్పా, పిలవని మిగతావాళ్ల తప్పా? చదువులకీ ఉద్యోగాలకీ పోటీ పడుతూ ఎక్కడో ఓ చోట గడప బయట నిలబడిన కుర్రకారు కర్ణుడిలో తమను చూసుకోవడంలో వింతేమీ లేదు. శివాజీ సావంత్ మరాఠీలో 'మృత్యుంజయ' నవల రాసిన 1967 నుంచీ దేశమంతటా కర్ణుడికి ఇలాంటి పాఠకులు పెరుగుతూనే ఉన్నారు. 1988 నుంచి 1990 దాకా దూరదర్శన్‌లో వచ్చిన బి.ఆర్.చోప్రా 'మహాభారత్', 2013లో మొదలైన స్టార్ ప్లస్ ధారావాహిక తలా కొంత పోశాయి.

అశ్వత్థామ సంగతేమిటి?

కర్ణార్జునుల గొడవలో పడి అభిమానులు పెద్దగా పట్టించుకోనిది అశ్వత్థామను. నిజానికి సినిమా చేసిన పెద్ద సాహసం అతడి విషయంలోనే ఉంది.

భారతంలో అశ్వత్థామ పేరు చెబితే ఒళ్లు జలదరించాలి. తండ్రిని మోసంతో చంపారన్న కసితో రాత్రి వేళ పాండవ శిబిరంలో దూరాడు. కృపుడు, కృతవర్మ వాకిలి దగ్గర కాపలా. నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుడిని, శిఖండిని, ద్రౌపది ఐదుగురు కొడుకుల్ని చంపాడు. అది చాలక ఉత్తర గర్భం మీదికి బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. అలాంటివాడిని 'కల్కి' పెద్ద హీరోను చేసింది. ఆరువేల ఏళ్లుగా ఎదురుచూస్తూ, సుమతి కడుపులోని బిడ్డను కాపాడే ముసలి వీరుడిగా నిలబెట్టింది. ఈ ఆరువేల లెక్క ఎక్కడిదంటే, సంప్రదాయం ప్రకారం కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో. దానికి 2898 కలపండి. సరిగ్గా సరిపోయింది కదా! సౌప్తిక పర్వంలో కృష్ణుడిచ్చిన శాపం మూడువేల ఏళ్లదే. కానీ జనం నోట అశ్వత్థామ సప్త చిరంజీవుల్లో ఒకడు. సినిమా శాపం గడువును వదిలేసి చిరంజీవి అన్న మాటను పట్టుకుంది.

పెద్దలకు కోపం తెప్పించింది మాత్రం వేరే మార్పు. సినిమాలో అశ్వత్థామ నుదుటి మణి తీయించేది, పుట్టబోయే కల్కిని కాపాడమని పని అప్పజెప్పేది కృష్ణుడే. దూరదర్శన్ భారతంలో భీష్ముడిగా వేసిన ముఖేష్ ఖన్నా ఈ విషయమై బాహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. మూలం చూస్తే ఆయన మాటలో పస ఉంది. వ్యాసభారతంలో అశ్వత్థామ తానే మణి ఇచ్చేస్తాడు. అది భీముడి చేతి మీదుగా ద్రౌపదికి చేరుతుంది. ఆమె దాన్ని ధర్మరాజును ధరించమంటుంది. భాగవతం దీన్నే ఇంకోలా చెప్తుంది. పోతన చదివినవాళ్లకు తెలిసిందే, అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. కడుపుకోతతో ఉన్న ఆ తల్లి గురుపుత్రుడిని వదిలేయమంటుంది. నాలాగా వీడి తల్లి కూడా ఏడవాలా అంటుంది. అప్పుడు జుట్టు తీసి, మణి ఒలిచి పంపేస్తారు. వ్యాసుడి పేరు మీదున్న రెండు గ్రంథాలే ఒకే కథను రెండు తీర్లుగా చెప్పాయి. మూడో తీరు సినిమావాళ్లు చెప్తే మీద పడటం కొంచెం తొందరపాటే అనిపిస్తుంది.

పైగా ఆ మార్పులో ఓ లెక్క ఉంది. గర్భం మీద అస్త్రం వేసినవాడి చేతికి గర్భాన్ని కాపాడే పని ఇచ్చారు. కర్ణుడి విషయంలోనూ అంతే. నిండు సభలో ఓ ఆడమనిషి అవమానాన్ని ఎగదోసినవాడు, డబ్బు కోసం ఎంతకైనా దిగే భైరవగా మళ్లీ పుట్టాడు. మొదట సుమతిని పట్టి ఇచ్చి కాంప్లెక్స్‌లోకి పోదామనుకుంటాడు. విజయ ధనుస్సు చేతికి రాగానే ఆమె వైపు తిరిగి నిలబడతాడు. సినిమా వేగంలో, విస్ఫోటాల హోరులో ఇది చాలామందికి అందలేదు. కర్ణుడు గొప్పవాడని చెప్పడానికి రథాల మీద పోరు చూపించినంత సేపు, కర్ణుడికి తీర్చాల్సిన బాకీ ఒకటుందని చెప్పడానికి చూపించలేదు. నాగ్ అశ్విన్ మీద ఫిర్యాదు ఏదైనా ఉంటే ఇదే ఉండాలి. ఆ సభను కూడా ఒక్క నిమిషం చూపించి ఉంటే సగం తగువు అక్కడే తీరిపోయేది.

కృష్ణుడి ముఖం చూపించకుండా చీకట్లో నీడలా ఉంచడం మీద కూడా కొందరు పెదవి విరిచారు. ఇందులో మాత్రం దర్శకుడి తెలివిని మెచ్చుకోవాలి. వైజయంతీ మూవీస్ పేరు పడగానే తెర మీద శంఖం పూరించేది ఎన్టీఆర్ కృష్ణుడు. తెలుగువాడికి కృష్ణుడి ముఖమంటే అదే. దాని తర్వాత వేరే ముఖం చూపించి పోలిక తెచ్చుకోవడమెందుకు?

మార్చకుండా చెప్పిందెవరు?

కథ మార్చారని గగ్గోలు పెట్టేవాళ్లను ఒక్క ప్రశ్న అడగొచ్చు. 'మాయాబజార్' ఇష్టమేనా? ఇష్టం కానిదెవరికి! 1957 నాటి ఆ సినిమాలో శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారి పెళ్లి పీటల మీద చేసే అల్లరీ లేదు. జనంలో తిరిగిన కథను నాటకాలు ఎత్తుకుంటే, నాటకాల నుంచి సినిమా ఎత్తుకుంది. భారతం సినిమాలో పాండవులే కనిపించరు, ఆ లోటు ఎవరికైనా తెలిసిందా? తెలుగువాళ్లు మార్పును ఎప్పుడూ తప్పు పట్టలేదు. రుచిగా లేని మార్పునే తప్పు పట్టారు.

అయితే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్లలో ఎక్కువమందికి అసలు కథ ముందే తెలుసు. హరికథలో విన్నారు, రాయబారం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టారు, రాత్రంతా మేలుకుని వీధినాటకం చూశారు. మార్చిన చోట 'అదిగో మార్చాడు' అని నవ్వుకోగలిగారు. 2024లో థియేటర్‌కి వచ్చిన పిల్లలు చాలామందికి ఇదే మొదటి భారతం. అదే ఏడాది ఆగస్టు 22 నుంచి ఇంట్లో టీవీలో, ఫోన్లో కూడా చూశారు. వాళ్లకు కురుక్షేత్రమంటే ఇదే. అందుకే ఈ తగువులు జరగడమే మంచిదయింది. విరాటపర్వం వరకు వెళ్లి వెతికిన కుర్రాడు, గెలిచినా ఓడినా ఆ పర్వం చదివినట్టే కదా.

తపస్సు మాను ఎక్కేది అర్జునుడే

కర్ణుడికి సినిమా దన్నుంటే, అర్జునుడికి ఈ జిల్లాలో మరో దన్ను ఉంది. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. చాలా చోట్ల పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఊళ్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఇవాళ ఏ ఘట్టమో చెప్పేస్తుంది.

అందులో జనం విరగబడి వచ్చే రోజుల్లో ఒకటి అర్జున తపస్సు. పొడవాటి మాను పాతుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టే పైకెక్కుతాడు. పాశుపతం కోసం శివుడి గురించి తపస్సన్నమాట. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను కింద సాష్టాంగపడతారు. పైనుంచి అర్జునుడు విసిరే పండో, విభూది పొట్లమో ఒడిలో పడితే కడుపు పండుతుందని నమ్మకం. వేషం వేసింది పొద్దున పొలం దున్నిన మనిషే కావచ్చు. ఆ పూట మాత్రం దేవుడు. ఆ చెట్టు కింద నిలబడి 'అర్జునుడు గొప్పవాడేం కాదు' అనే ధైర్యం ఏ అభిమాన సంఘం అధ్యక్షుడికీ ఉండదు!

కర్ణుడికి కూడా ఓ రాత్రి కేటాయించారు. 'కర్ణ మోక్షం' ఆట రోజున ఆడవాళ్లు కొంగులు తడుపుకుంటారు. ఇక్కడ పల్లెలు ఏ పక్షమూ పట్టలేదు. ఒక రోజు అర్జునుడికి దండం పెట్టి, ఇంకో రోజు కర్ణుడికి ఏడ్చాయి. రెండింటికీ అదే వేదిక, అదే మద్దెల.

రెండో భాగం కోసం

వెయ్యి కోట్ల రూపాయలు దాటి వసూలు చేసిందని నిర్మాతలు చెప్పిన సినిమాకు రెండో భాగం తప్పదని మొదటి భాగం చివర్లోనే తెలిసిపోయింది. కమల్‌హాసన్ వేసిన యాస్కిన్ ఇంకా లేవాల్సి ఉంది, కల్కి ఇంకా పుట్టాల్సి ఉంది. ఈలోగా అభిమానులకు ఇంకో తగువు దొరికింది. సుమతిగా నటించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండదని 2025 సెప్టెంబరులో వైజయంతీ సంస్థ ప్రకటించింది. కథంతా మోస్తున్న తల్లి పాత్ర అది. ముఖం మారిస్తే కుదురుతుందా అని కొందరు, ఎన్టీఆర్ కర్ణుడినీ కృష్ణంరాజు కర్ణుడినీ ఒకే పండగకు చూసిన జనం మనం, సర్దుకుంటామని కొందరు.

కర్ణుడు ఏం చేస్తాడన్నది వాళ్ల రెండో ప్రశ్న. భైరవకు తాను కర్ణుడినని గుర్తుంటుందా? అర్జునుడు మళ్లీ వస్తాడా? వస్తే ఏ వైపు? ఇలా ఇద్దరి విల్లుల చుట్టూనే తిరుగుతున్నాయి మాటలు. ద్రౌపదికి మళ్లీ ఏదైనా రూపం ఉంటుందా అని అడిగేవాళ్లు తక్కువ. పల్లెల్లో మాత్రం భారతం ముగిసేది ఆమెతోనే. ఆఖరి రోజు ఊరి మధ్యలో మట్టితో పెద్ద దుర్యోధనుడిని పడుకోబెడతారు. చుట్టూ తిరిగి తిరిగి భీముడి వేషగాడు గదతో తొడ మీద కొడతాడు. అప్పటిదాకా విరబోసుకున్న జుట్టును ద్రౌపది ముడేసుకుంటుంది. సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. మర్నాడు పొద్దుటికి ఆ మట్టిని పొలాల్లో చల్లుకోవడానికి రైతులు పిడికెళ్లతో పట్టుకుపోతుంటారు.